మా అత్త తిరుగుడు రాట్నం

మా మేనత్త చనిపోయిందన్న కబురు కడపలో నేను పిల్లలకు పాఠం చెబుతుండగా వచ్చింది. మా ఊరి మనిషి ఒకాయన తరగతి గుమ్మం దగ్గర తలగుడ్డ తీసి నిలబడి, "మీ అత్త ప్రభువులో నిద్రపోయిందమ్మా" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నిద్రపోయిందట! కోడి కూయకముందే లేచే మనిషి. మధ్యాహ్నం నడుం వాల్చడం నేను ఒక్కనాడూ చూడలేదు. అలాంటి మనిషి గురించి చెప్పడానికి వీళ్లకు దొరికింది ఈ మాటే.

రైలెక్కి ఎర్రగుంట్లలో దిగి, బస్సు పట్టుకుని, మిగిలిన దారి నల్లరేగడి బురదలో నడిచి ఊరు చేరేసరికి పెట్టె మూయబోతున్నారు. ముఖం చూసుకున్నాను. సమాధి దగ్గర మా సంఘపెద్ద మాట్లాడాడు. అత్త ఎంత నమ్రత గలదో, ఎంత విధేయురాలో చెప్పి, చివరికి ఇలా అన్నాడు: "మన సోదరికి చేపలు పట్టే సరదా ఉండేది. దేవుని పని కోసం ఆ సరదాను తనంతట తానే, ఇష్టంగా విడిచిపెట్టింది." అందరూ ఆమేన్ అన్నారు. మా నాయన కూడా అన్నాడు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఆ ఆమేనే. మా అత్త ఇష్టంగా మానుకోలేదు. మాన్పించారు. చచ్చినవాళ్లు లేచి వచ్చి కాదనరన్న ధైర్యంతో చెప్పిన అబద్ధం అది. ఆమెను ఎరిగినవాళ్లయినా నిజం తెలుసుకోవాలి.

మా అత్తకు పెళ్లయిన కొద్దికాలానికే మామ పోయాడు. పిల్లలు లేరు. మిషను వాళ్లు ఆమెకు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు వాక్యం చెప్పే పని ఇచ్చారు, ఉండడానికి మా ప్రార్థన గుడి పక్కనే ఒక కొట్టం ఇచ్చారు. మా ఊరు కుందూ ఒడ్డున ఉంది. ఎండాకాలంలో కూడా మడుగుల్లో నీళ్లు ఆగే ఏరు అది. మిషను ఆసుపత్రిలో ఉన్న డాక్టరు దొరసానికి చేపలు పట్టే పిచ్చి. సెలవు రోజున ఏటికి వచ్చేది, తోడుగా మా అత్తను తీసుకుపోయేది. దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ రెండు గాలపు కర్రలూ, వాటికి బిగించే రెండు చక్రాలూ మా అత్త చేతిలో పెట్టింది. వాటికి ఇంగ్లీషులో ఏ పేర్లున్నా మా ఇంట్లో మాత్రం అవి రాట్నాలు. ఊళ్లో ఖద్దరు కట్టినవాళ్లు స్వరాజ్యం కోసం రాట్నం తిప్పుతుంటే మా అత్త కూర కోసం తిప్పేది.

ఒకటి తిరుగుడు రాట్నం. కర్ర మీద, చెయ్యి పట్టేచోట కూర్చుంటుంది. గాలం విసిరితే దారం చుట్టిన ఉండ గిర్రున తిరుగుతూ దారాన్ని వదులుతుంది. దాని మీద బొటనవేలు ఆనించి ఉంచాలి. వేలు ఒక్క క్షణం ఏమరితే ఉండ దారం కంటే వేగంగా తిరిగి, పిచ్చుక గూడంత చిక్కు పడుతుంది. రెండోది నిలకడ రాట్నం. అది కర్ర కింద వేలాడుతుంది. ఉండ తిరగదు. దారం దాని ముక్కు మీది నుంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. వేలితో పని లేదు, చిక్కు అంతగా పడదు. చిన్న ఎరను కూడా ఏటి మధ్యకు విసరవచ్చు.

మా అత్తకు మొదటిదంటే ప్రాణం. మా నాయనకు రెండోదంటే ప్రాణం. అక్కాతమ్ముళ్లిద్దరూ సాయంత్రం ఏటి ఒడ్డున పోట్లాడుకుంటుంటే చేపలు కూడా వినడానికి దగ్గరికి వచ్చేవేమో.

"విసిరినానా, పోయినాదా, అయిపాయె" అనేవాడు నాయన. "హాయిగా ఉండాది. నీ మాదిరి చిక్కులు తీసుకుంటా కూచుంటే పొద్దు పోతాది గానీ చేప రాదక్కా."

"నీది విసరడం గాదు రా, పారేయడం" అనేది అత్త. "దారం పోతాంటే దాని మీద వేలు ఉండాల. గాలి యాడ తగులుతాందో, నీళ్లు యాడ లోతుండాయో, చేప మూతి పెట్టి వాసన చూస్తాందో, అంతా ఈ వేలికే తెలుస్తాది. నీకేం తెలుస్తాది? గంట కొట్టినాక గుడికొచ్చేవాని మాదిరి, అంతా అయిపోయినాక తెలుస్తాది."

నిజం చెప్పాలంటే ఇద్దరిదీ సరైన మాటే. నిలకడ రాట్నంతో నేను కూడా మొదటి రోజే విసిరాను, ఆ సుఖం సుఖమే. గాలం సన్నగా లేచి, చప్పుడు లేకుండా దూరాన పడుతుంది, మనసు కూడా దాని వెంట పోతుంది. కానీ దారం మెలి పడుతుంది. తుంగలో దూరిన కొర్రమీనును దాంతో లాగుదామంటే నాయన చెమటలు కక్కేవాడు. తిరుగుడు రాట్నం నేర్చుకోవడానికి ఏడిపిస్తుంది, నేర్చుకున్నాక వదలదు. చేప పరుగెత్తినప్పుడు ఆ బలమంతా నేరుగా చేతిలోకి వస్తుంది. అత్త ఇత్తడి గరిటె విరిగితే దాని తలను అరగదీసి, కొక్కెం కట్టి, మడుగులో విసిరేది. నీళ్లలో అది తళుక్కుమంటూ వస్తే వాలుగ చేప పిల్లచేప అనుకుని మింగేది. అప్పుడు చూడాలి అత్త ముఖం. పల్లెల్లో వాక్యం చెప్పేటప్పుడు గంభీరంగా, గొంతు తగ్గించి మాట్లాడే మనిషి, మోకాటి లోతు నీళ్లలో చీర కుచ్చెళ్లు దోపుకుని, "రా తల్లీ, రా! యాడికి పోతావే?" అని కేకలు పెట్టేది. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో మళ్లీ నేను చూడలేదు.

పట్టిన చేప ఇంటికి వచ్చేసరికి సగం మిగిలేది. జ్వరం పడి లేచినవాళ్లకు కొర్రమీను ముక్క, బాలింత ఉన్న ఇంటికి ఒక ముక్క, ఎవరూ అడగకపోయినా సంఘపెద్ద ఇంటికి ఒక పెద్ద ముక్క. "పెద్దోళ్లకు పెద్ద ముక్క పెడితే చిన్నోళ్లను చిన్నగా తిడతారు" అనేది నవ్వుతూ. ఆ ఒక్క లెక్క మాత్రం ఆమెకు తప్పింది.

మా గుళ్లో ఏటా కోతపండుగ జరుగుతుంది. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. జొన్నలు, కొర్రలు, గుమ్మడికాయలు, కోళ్లు. పొలం లేని మా అత్త ఏటా ఎవరినో అడిగి తెచ్చిన దోసెడు జొన్నలు పెట్టేది. ఒక సంవత్సరం మాత్రం ఆమెకు మనసొప్పలేదు. "అడుక్కొచ్చిన జొన్నలు నా పంట ఎట్లయితాది? నా పంట ఏట్లో ఉండాది" అని, ముందురోజు సాయంత్రం పట్టిన వాలుగను అరిటాకులో చుట్టి, జొన్నకంకుల మధ్య పెట్టింది. మీసాలతో, నోరు తెరుచుకుని, అది గుమ్మడికాయల పక్కన పడుకుంది. పిల్లలు కిసుక్కుమన్నారు.

సంఘపెద్ద లేచాడు. "ఇదేందమ్మా? పొలుసు లేని చేప అపవిత్రమని పూర్వం నుంచి ఉండాది. వాక్యం చెప్పేదానివి, నీకు తెలీదా? దాన్ని తెచ్చి బల్ల ముందర పెడతావా?"

అత్త తడుముకోలేదు. "పోయిన వారం మీ ఇంటికి పంపింది గూడా వాలుగే గదప్పా. పులుసు బాగుండాదని మళ్లీ అడిగించినారు. అప్పుడు దానికి పొలుసులు ఉన్నెనా?"

గుడి గుడంతా నవ్వింది. ఆరాధన నడిపే అయ్యగారు కూడా జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వనిది సంఘపెద్ద ఒక్కడే. ఆ నవ్వే మా అత్త చేసిన నేరం. పొలుసు కాదు, అపవిత్రత కాదు, ఆదివారం నియమం తప్పడం కూడా కాదు. ఆదివారం ఆమె ఎన్నడూ గాలం పట్టలేదు. ఒక పేద విధవరాలు నలుగురిలో పెద్దమనిషిని నవ్వులపాలు చేసింది, అంతే.

తర్వాత సంఘం కమిటీ కూర్చుంది. వాక్యం చెప్పే స్త్రీ నీళ్లలో చీర ఎగదోపుకుని కేకలు వేయడం సంఘానికి తలవంపులన్నారు. గాలమైనా వదలాలి, పనైనా వదలాలి. పని వదిలితే కొట్టం కూడా వదలాలి. మా నాయన ఆ కమిటీలో మెంబరు. తల వంచుకుని కూర్చున్నాడు, ఒక్క మాట పలకలేదు. కర్రలూ రాట్నాలూ రెండూ సంఘపెద్ద తన ఇంట్లో, తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సంఘం తరఫున భద్రంగా ఉంచుతున్నానన్నాడు. నాయన ముచ్చటపడే నిలకడ రాట్నం కూడా దాంతో పాటే పోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది చెబితే మీకు చిన్న విషయంలా కనిపించవచ్చు. అక్కాతమ్ముళ్లు పోట్లాడుకోవడం మానేశారు. అత్త సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేది, నాయన బీడీ కాల్చేవాడు. వానల గురించి రెండు మాటలు, యుద్ధం వల్ల కిరసనాయిలు దొరకకపోవడం గురించి రెండు మాటలు. ఆపైన మాట్లాడుకోవడానికి వాళ్లకు ఏమీ ఉండేది కాదు. అత్త చెంబు నీళ్లు తాగి వెళ్లిపోయేది. ఇద్దరి మధ్యా ఉన్న ప్రేమంతా ఆ తగువులోనే ఉండేదని నాకు అప్పుడు తెలిసింది.

నాకు అత్త మీద కూడా కోపమే. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి అడిగేశాను: "ఎందుకు లొంగినావత్తా? అంత మాట అనగలిగినదానివి, ఇంకో మాట అనలేకపోయినావా?"

ఆమె జొన్నరొట్టె తడుతూ ఉంది. తట్టడం ఆపలేదు. "కూడు పెట్టే పని పాపా అది. ఇల్లు గూడా వాళ్లదే. ఈ వయసులో యాడికి పోదును? వదిలినా. కానీ ఒప్పుకోల్యా. వదలడం వేరు, ఒప్పుకోవడం వేరు. నాకు ఈ పొద్దు గూడా శానా కోపం ఉండాది. ప్రార్థనలో గూడా అదే చెప్తాండా ఆయనకు. రేపు నేను పోయినాక, ఆమె ఇష్టంగా మానుకున్యాదని ఎవురన్నా అంటే నువ్వు మాత్రం ఊరుకోగాకు."

ఈ మాట నాతో తప్ప ఎవరితోనూ అన్నట్టు లేదు. అందుకే సమాధి దగ్గర ఆ ఆమేన్ నాకు మింగుడు పడలేదు. అక్కడ నోరు విప్పలేదు, పెట్టె మీద మన్ను పోస్తున్నారు. కానీ ఆదరణ కూడిక నాడు, చనిపోయినవాళ్ల ఇంటి వాళ్లను ఓదార్చడానికి సంఘమంతా మా ఇంట్లో చేరినప్పుడు, సంఘపెద్ద తుండుగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నాయన ముందు పెట్టాడు. పక్కన కర్రలు కూడా ఉన్నాయి. "మీ అక్క గుర్తుగా దాచుకోండప్పా" అన్నాడు, ఏదో దానం చేసినట్టు.

నేను లేచాను. "మా అత్త ఇష్టంగానే మానుకుంటే మీరు వీటికి తాళం ఎందుకు వేసినారు?" అన్నాను.

సంఘపెద్ద నా వైపు కాకుండా నాయన వైపు చూశాడు. నాయన చాప వైపు చూశాడు. అయ్యగారు గబగబా ఒక పాట ఎత్తుకున్నారు, అందరూ ఎప్పటికంటే గట్టిగా పాడారు. నా ప్రశ్నకు జవాబు అదే అనుకోవాలి.

మూట విప్పి చూస్తే పాత దారం పట్టుకుంటేనే తెగిపోయింది. తిరుగుడు రాట్నం తుప్పు పట్టి బిగుసుకుంది. కిరసనాయిలు లేదు గనక ఆముదం పోసి, ఈకతో తుడిచి, రెండు రోజులు తిప్పితే కదిలింది. నేతగాళ్లను అడిగి పట్టుదారం తెచ్చి పురి పెట్టి చుట్టాను. నాయన బీడీ కాలుస్తూ పక్కనే కూర్చుని చూశాడు.

ఆదివారం పొద్దున, జనమంతా గుడికి పోయే దారిలో ఉన్న రేవు దగ్గర, చీర కుచ్చెళ్లు దోపుకుని నీళ్లలో నిలబడ్డాను. అత్త ఆదివారం గాలం పట్టలేదని చెప్పాను కదా. నేను పట్టాను, అందరూ చూడాలనే పట్టాను. మొదటి గంట కొట్టారు. విసిరాను. రాట్నం రెండు చుట్లు తిరిగి చిక్కుపడింది. విప్పుకుని మళ్లీ విసిరాను, మళ్లీ చిక్కే. పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. కొందరు ఆడవాళ్లు చంకలో పిల్లలతో ఒడ్డునే నిలబడిపోయారు. కోపంతో నా బొటనవేలు ఒకసారి బిగబడుతోంది, ఒకసారి జారిపోతోంది. కోపంతో ఆ రాట్నం తిరగదు, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంతలో నాయన వచ్చాడు. గుడికి కట్టుకునే తెల్లపంచె కట్టుకుని ఉన్నాడు. ఒడ్డున నిలబడి నా బొటనవేలినే చూశాడు.

"బిగబట్టొద్దు పాపా" అన్నాడు. "తాకీతాకనట్లుండాల. అక్క అట్లనే పెడతాండె."

ఆ రాట్నాన్ని జన్మలో ముట్టనని చెప్పిన మనిషి ఆయన. ఎన్నేళ్లు పక్కన నిలబడి తిడుతూ ఆమె చెయ్యినే చూశాడో. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి నా చేతిలోని కర్ర తీసుకున్నాడు. వెనక నుంచి సంఘపెద్ద గొంతు వినిపించింది: "ఏమప్పా, రెండో గంట గూడా కొడుతాండారు. రావా?"

నాయన వెనక్కి తిరగలేదు. రేవు రేవంతా వినపడేటట్టు అన్నాడు: "మా అక్క ఇష్టంగా మానల్యాప్పా. మనమే లాక్కున్యాం. ఆ పొద్దు నేను నోరు తెరవల్యా."

విసిరాడు. రాట్నం గుయ్యిమని పాడింది, దారం నీళ్ల మీదికి సాగిపోయింది. గంట ఆగింది. ఒడ్డు మీద నుంచి ఎవరూ గుడి వైపు కదల్లేదు. నాయన ఇంకా మోకాటి లోతులోనే ఉన్నాడు, ఆయన తెల్లపంచె అంచు ఏటి వాలుకు పరుచుకుని కదులుతూ ఉంది.