పదహారు స్తంభాల మసీదులో పద్దెనిమిదో మనిషి

2023 నవంబర్, బీదర్ కోట. కూలిన మహళ్లు, పాడుబడ్డ రాజధాని, ఒక పెద్దాయన అదృశ్యం, ఒక కూతురి కన్నీళ్లు, ఒక యువకుడి సాహసం. మహాకావ్యానికి కావలసిన సరుకంతా ఇందులో ఉంది. కాకపోతే ఆ అదృశ్యం గంటా ఇరవై నిమిషాలే. కూతురు ఏడవలేదు, ఫోన్లో గట్టిగా మాట్లాడింది, అంతే. యువకుణ్ణి నేనే. నేను చేసింది సాహసం కాదు, తప్పు. దాన్ని దిద్దుకోవడానికి పరుగెత్తాను.

నాచారంలో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో నేను టూర్ మేనేజర్‌ని. పేరే పెద్దది. బస్సులో ముందు సీట్లో కూర్చుని నీళ్ల సీసాలు పంచాలి, గైడ్ రాకపోతే గైడ్ అవతారం ఎత్తాలి, ఎవరికైనా కడుపులో తిప్పితే కవర్ అందించాలి. మా భాషలో ప్రయాణికులను ప్యాక్స్ అంటాం. ప్రతి చోటా బస్సు కదిలే ముందు వాళ్ల సంఖ్య సరిచూసుకోవడం హెడ్ కౌంట్. ఉద్యోగం మొత్తంలో తప్పు చేయకూడని పని అదొక్కటే. మిగతావన్నీ తప్పు చేసినా సారీ చెప్పి బతికేయొచ్చు.

ఆ రోజు ప్యాక్స్ పద్దెనిమిది. అందరూ ఒకే చర్చికి చెందిన పెద్దవాళ్లు. మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మగవాళ్లు, వాళ్ల భార్యలు. పొద్దున ఆరింటికి బస్సు దగ్గర సునీత అనే ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఉప్పల్లో బట్టల షోరూంలో పనిచేస్తుంది, అమ్మానాన్నలను దింపడానికి వచ్చింది.

"తమ్మీ, ఆ మఫ్లర్ కట్టుకున్నాయన మా నాన్న, దేవదానం. జర చూస్కో. ఏడాది సంది మతిమరుపు షురువైంది. చెప్పింది చెప్పినట్టే మర్చిపోతుండు. పోయిన నెల మెట్రోల ఉప్పల్ కాడ దిగమంటే నాగోల్ దాకా పోయి కూసున్నడు."

"నాగోల్ తర్వాత మెట్రో లేదు కదక్కా. ఆడికే ఆగిపోతడు, సేఫే."

ఆమె నవ్వలేదు. "ఆయన దగ్గర ఫోన్ గూడ ఉండదు. ఒక్క నిమిషం వదలకు. మధ్యాహ్నం ఫోన్ జేస్త, నాన్నతోని మాట్లాడియ్యి."

వదలనని మాటిచ్చాను. మాట ఇవ్వడానికి ఖర్చేం లేదు.

భార్యాభర్తలు పక్కపక్కన కూర్చునేలా నేను రాత్రంతా కూర్చుని సీట్ల చార్టు రాశాను. వాళ్లు బస్సు ఎక్కి చర్చిలో కూర్చున్నట్టే కూర్చున్నారు. ఆడవాళ్లంతా ముందు, మగవాళ్లంతా వెనక. చార్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. హాజరు కూడా చర్చి పద్ధతిలోనే నడిచింది. నేను పేరు పిలిస్తే ఇంటి మొత్తానికీ ఇల్లాలే పలికేది. "ఉన్నం", "ఉన్నడు", "ఉన్నరయ్యా." చకచకా అయిపోయేది. నాకు ఆ పద్ధతి మస్తు నచ్చింది.

కోటలో గైడ్ రాలేదు. నేనే చెప్పాను. బహమనీ సుల్తానులు గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారని, ఇది సోలా ఖంబా మసీదని, అంటే పదహారు స్తంభాల మసీదని. మామూలుగా ఎప్పుడు పోయినా దాని తలుపుకు తాళం ఉంటుంది. ఆ రోజు ఊడవడానికి తీశారు. లోపల చల్లగా ఉంది, మనిషి రెండు చేతులు చాపి పట్టుకున్నా అందని గుండ్రటి స్తంభాలు వరసలు వరసలుగా ఉన్నాయి. దేవదానం అంకుల్ నేను చెప్పిన ప్రతిదానికీ తలూపాడు. ఇంత శ్రద్ధగా వినే ప్యాక్స్ దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

ఒంటిగంటకు బస్సు దగ్గర పేర్లు పిలిచాను.

"దేవదానం."

"ఉన్నడయ్యా," అన్నది ఆయన భార్య శాంతమ్మ, సంచిలో బీపీ గోలీలు వెతుక్కుంటూ.

టిక్ పెట్టాను. డ్రైవర్ నర్సింహ అన్న మూడుసార్లు హారన్ కొట్టి బస్సు తీశాడు.

అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో అష్టూర్. బహమనీ సుల్తానుల సమాధులున్న ఊరు. అందులో ఒకదాని గుమ్మటం పిడుగుపడి సగం ఎగిరిపోయింది, మిగతా సగం అలాగే నిలబడి ఉంది. దాని నీడలో బిర్యానీ పొట్లాలు పంచాను. ఒకటి మిగిలింది. నా సర్వీసులో పొట్లాలు తక్కువపడ్డాయి గాని ఎప్పుడూ మిగల్లేదు. చేతిలో పొట్లంతో మగవాళ్ల వరస చూశాను, ఆడవాళ్ల వరస చూశాను. ఆ సగం గుమ్మటం కన్నా నా మొహమే అధ్వాన్నంగా ఉండి ఉంటుంది.

బహమనీలు మొత్తం దర్బారును గుల్బర్గా నుంచి బీదర్‌కు తరలించారు. దారిలో ఎవర్నో మర్చిపోయారని నేనెక్కడా చదవలేదు. నేను పద్దెనిమిది మందిని నాలుగు కిలోమీటర్లు తరలించలేకపోయాను.

మిగతావాళ్లను తింటూ ఉండమని చెప్పి, శాంతమ్మను తీసుకుని వెనక్కి బయలుదేరాను. నర్సింహ అన్న స్టీరింగ్ తిప్పుతూ అన్నాడు. "నాది తప్పు లేదు తమ్మీ. నేన్ హారన్ కొడితే కోటల పావురాలన్ని లేసినయ్. మనిషికి ఇనపడదా?"

శాంతమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "చర్చిల గూడ నేనే పలుకుత కొడుకా. ఆయన ఎప్పుడూ ఆలస్యమే. ముందు ఉన్నడని అంట, ఎనకనే వస్తడు. నలభై ఏండ్లు గట్లనే అన్న. నలభై ఏండ్లు వచ్చిండు."

నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. అప్పుడే సునీత ఫోన్.

"తమ్మీ, నాన్నకియ్యి."

అబద్ధాలు నాకు బాగానే వస్తాయి, వృత్తిలో భాగం. ఆ రోజు ఒక్కటీ రాలేదు. "అక్కా, మీ నాన్న బస్సెక్కలే. నేను చూస్కోలే. కోటకే పోతున్నం."

అవతల నుంచి చాలా వినిపించింది. అన్నీ న్యాయమైన మాటలే.

శాంతమ్మ ఫోన్ తీసుకుని, "ఏడికి పోతడు బిడ్డ, చుట్టూ గోడనే గదా," అన్నది. ఫోన్ తిరిగి ఇచ్చి, బస్సు ఆగకముందే లేచి తలుపు దగ్గర నిలబడింది.

బీదర్ కోటలో గోడలే కాదు, కూలిన మెట్లూ ఉన్నాయి, లోతైన బావులూ ఉన్నాయి. ముందు ఒక బావి దగ్గరికే ఉరికాను. అంచుదాకా పోయి, వెంటనే లోపలికి చూడలేక పక్కనున్న చెట్టును చూశాను. తర్వాత చూశాను. నాచు, ఒక ప్లాస్టిక్ సీసా. ఒక ప్లాస్టిక్ సీసాను చూసి జీవితంలో నేనంత సంతోషపడింది లేదు.

మసీదు ముందు స్టూలు మీద ఊడ్చే ఆయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తాళం. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టాడు. "గిన్తీ చల్‌రీ భాయ్. బడే మియా కో పరేషాన్ నక్కో కరో." లోపల లెక్క నడుస్తోందట, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టొద్దట.

దేవదానం అంకుల్ ఒక స్తంభం మీద చేయి వేసి, చిన్న డైరీలో గీత గీసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్. నా మొహం చూసి గట్టిగా అన్నాడు.

"బయట బోర్డు మీద పదహారని రాసిన్రు. మూడుసార్లు లెక్కవెట్టిన, ఎక్కువనే వస్తున్నయ్. స్టాకు తేలకుండ ఎట్ల పోతం?"

"నడిమిట్ల ఉన్న పదహారింటికే ఆ పేరని చెప్పిన కదంకుల్. మీరు తలూపిన్రు కూడా."

ఆయన తలూపాడు. అప్పుడే నాకేదో అనుమానం వచ్చింది. శాంతమ్మ వచ్చి ఆయన మఫ్లర్ పక్కకు జరిపింది. చెవిలో వినికిడి మిషన్ ఉంది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "ఇది పని జేస్తుందా?"

"ఏడాదాయె, బందైంది," అన్నాడు తాపీగా. "బిడ్డ కొనిచ్చింది. పాడైందంటే బాధపడ్తదని చెప్పలే."

"మరి మేమేం చెప్పినా తలెందుకూపుతున్నవు?"

"ఊపితే జల్ది ఇడిసిపెడ్తున్రు."

శాంతమ్మ ఆయన చొక్కా చేయి పట్టుకుంది. సాయంత్రం ఇంటికి చేరేదాకా వదల్లేదు. రెండో చేత్తో ఫోన్ పట్టుకుని కూతురితో "ఉన్నడు" అన్నది. సిగ్నల్ సరిగా లేక ఆ మాట నాలుగుసార్లు అనాల్సి వచ్చింది. నాలుగుసార్లూ నాకు వినబుద్ధే అయింది.

రెండు వారాల తర్వాత సునీత మా ఆఫీసుకు వచ్చింది. కంప్లయింట్ ఇవ్వడానికేమో అనుకుని నేను కుర్చీలోంచి లేచాను. ఆమె కూర్చుంది. డాక్టర్‌కు చూపించారట. వయసుకు తగ్గ మరుపు కొంచెం ఉందట, అంతే. మేం చెప్పినవన్నీ ఆయన మర్చిపోలేదు తమ్మీ, అసలు వినలేదు, అన్నది. మెట్రోలో ఉప్పల్ వచ్చిందని చెప్పిందీ వినపడలేదు, దిగలేదు. "ఏడాది సంది రోజూ భయంతోనే నిద్రవోయిన," అని, ఆ రోజు ఫోన్లో అన్నవాటిలో రెండు మాటలు వాపసు తీసుకుంది. మిగతావి అలాగే ఉంచింది. అవి నావే.

ఇప్పుడు నా హెడ్ కౌంట్‌లో ఒకరి తరఫున ఇంకొకరు పలకడం బంద్. సీటు సీటుకూ పోయి భుజం తట్టి లెక్కపెడతాను. తలూపితే ఒప్పుకోను, నోటితో చెప్పాలి. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూదీ, నొప్పి గోలీల పక్కన చెవి మిషన్ బ్యాటరీల అట్ట ఒకటి పెట్టుకున్నాను. దేవదానం అంకుల్ మిషన్ పాడవలేదు మరి, బ్యాటరీ అయిపోయింది. అవి వారం పది రోజులే వస్తాయి, మారుస్తుండాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదట. బ్యాటరీ మీది స్టిక్కర్ పీకగానే మిషన్‌లో పెట్టకూడదు, ఒక నిమిషం గాలి తగలనివ్వాలి.