సోమవారం టెస్ట్ డ్రైవ్

ఆ సాయంత్రం మొయినాబాద్‌ల చేవెళ్ల బస్సెక్కితే అదృష్టానికి సీటు దొరికింది. రోజూ బస్సుల నిలబడి అలిసిపోవుడు నాతోని కాక కారు కొందామనుకుంటున్న. ఫోన్ల రెండు కార్లు చూస్తున్న. ఒకదానికి పికప్ ఎక్కువ, ఇంకోదానికి మైలేజ్ ఎక్కువ. నెల సంది ఏదీ తేలుతలేదు.

పక్కన కూసున్నాయన నా ఫోన్ దిక్కు చూసి, "టెస్ట్ డ్రైవ్ చేసినవా అన్న?" అని అడిగిండు. యాభై దాటినట్టున్నది. చిన్న మంగళారంల ఫామ్‌హౌస్ ఉన్న ఒక సారు దగ్గర డ్రైవరట.

"చేసిన. పికప్ ఉన్న బండి మస్తున్నది," అన్న.

"ఎప్పుడు చేసినవ్?"

"ఆదివారం పొద్దుగాల. రోడ్డంత ఖాళీగ ఉండె."

ఆయన నవ్వలే. "మా సారు గూడ గట్లనే చూసి కొన్నడు. ఆరేండ్ల సంది నేను ఈ రోడ్డు మీద రెండో గేర్లనే నడుపుతున్న. నువ్వు సోమవారం తొమ్మిదింటికి రెండు బండ్లు ఇక్కడ నడిపి చూడు. ఇంజన్ సంగతి ఇడిచిపెట్టు, క్లచ్ తొక్కి తొక్కి నీ ఎడమ కాలు ఏమంటదో చూస్కో."

అంటనే తన ఎడమ మోకాలు రెండు చేతులతోని పట్టి వత్తుకున్నడు. దిగేటప్పుడు కడ్డీ పట్టుకొని మెల్లగ దిగిండు.

నాకు సోమవారం సెలవు దొరకలే. పికప్ ఉన్న కారే తీసుకున్న.

ఇప్పుడు మొయినాబాద్‌ల ట్రాఫిక్ ఆగినప్పుడల్ల ఎడమ మోకాలు వత్తుకుంట కూసుంట. పక్కన చేవెళ్ల బస్సు ఆగి ఉంటది. కిటికీ పక్క సీట్ల ఎవరో ఒకరు నిద్రపోతుంటరు.