షెడ్డులో మాత్రం ఆగని బండి

బండి దారిలో ఆగిపోయిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా ఊళ్ళో పాలు పోసే ఆమె. పొద్దున ఆరు దాటింది. వాకిలి కడిగి ముగ్గు వేస్తున్నాను. ఆమె పాలక్యాను కింద పెట్టి, తాపీగా కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"మీ కారు రైలు గేటు కాడ నిలిచిపోయి ఉండాదిమా. మీ ఆయన బానెట్ ఎత్తి లోపలికి సూస్తా ఉండాడు. మీ వదినమ్మ లోపలే కూర్చోనుండాది."

"వదిన ఎట్లుండాది?"

"నన్ను దగ్గరికి పిలిచి, ఈపొద్దు పాలల్లో నీళ్ళెన్ని పోసినావని అడిగింది. బాగానే ఉండాది."

వదిన అంటే మా ఆయన అక్క. చిన్నతనంలో తల్లి పోతే మా ఆయనను ఎత్తుకుని పెంచింది ఆమే. ఆమె భర్త పోయాక, పిల్లలు లేరు కాబట్టి, మా ఇంటికే వచ్చేసింది. నాకు అత్త లేని లోటు తీర్చిన మనిషి. మూడేళ్ళ కిందట ఆమె మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో తిరుపతి ఆస్పత్రిలో డయాలసిస్. పొద్దున ఏడింటికి ఆమె వంతు. మేముండేది పుత్తూరుకు ఇవతల ఒక పల్లె. ఐదున్నరకు ఇల్లు కదలాలి. ఆలస్యమైతే ఆ మంచం మీద ఇంకొకరిని పడుకోబెడతారు, వాళ్ళ ప్రాణమూ ప్రాణమే కదా. బస్సులో పోదామంటే, మిషను మీద నుంచి లేచాక ఆమెకు కళ్ళు తిరుగుతాయి, నిలబడలేదు. అందుకే మా ఆయన ఒక పాత కారు కొన్నాడు. ఆ కారును నేను దేవుడు పంపిన మనిషిలాగానే చూసుకున్నాను.

ఆ పొద్దు పది నిమిషాలకు బండి దానంతటదే స్టార్టయింది, వంతు తప్పలేదు. ఎప్పుడో ఒకసారి అంతే అనుకున్నాం. కానీ ఆ తర్వాత వారానికొకసారి, రెండుసార్లు ఆగడం మొదలుపెట్టింది. పోతూ పోతూ ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు చల్లబడిపోతుంది. కాసేపు తిప్పలు పెడుతుంది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. చదువు మరిచిపోకుండా ఉండాలంటే ఏ రోజు జరిగింది ఆ రోజు క్యాలెండర్ గడిలో ఒక్క మాటైనా రాయమనేవాడు. ఆవు ఈనింది, వాన పడింది, ఇట్లాంటివి. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. కాబట్టి కారు ఆగిన ప్రతిరోజూ ఆ గడిలో ఎక్కడ ఆగిందో రాసేదాన్ని. రైలు గేటు. కాలువ మోరీ. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందర. మళ్ళీ రైలు గేటు. రాశానే గాని, దానితో ఏదైనా తెలుస్తుందని నాకు తోచలేదు.

మా ఆయన బండిని ఒక మెకానిక్కు దగ్గర వదిలాడు. ఆయన బ్యాటరీ తీగలు మార్చి, రెండు రోజులు తనే ఊరంతా తిప్పి చూశాడు. ఒక్కసారి కూడా ఆగలేదట. ఇంటికి తెచ్చిన మూడో రోజున కాలువ మీది చిన్న వంతెన, ఆ మోరీ మీద ఆగింది. ఇంకొక షెడ్డుకు తీసుకెళ్తే వాళ్ళు పెట్రోలు పంపు మార్చారు, ఫిల్టరు మార్చారు. అక్కడా అంతే. "బండికి ఏ రోగమూ లేదు సార్. మీరు క్లచ్చి వదిలేటప్పుడు ఏమన్నా..." అని ఆ షెడ్డాయన నసిగాడు. ఇరవై ఏళ్ళుగా ట్రాక్టరు నడిపిన మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుంది? ఆ రోజు మా ఆయన అన్నం సరిగా తినలేదు.

వదిన మాత్రం వరండాలో నులకమంచం మీద కూర్చుని, "ఆస్పత్రి గడప తొక్కితేనే దానికి రోగం కుదిరిపోతా ఉండాది సూడు. ఆ రాత నాకు లేకపాయ" అంది. అందరం నవ్వాం. ఆమె మాటలకు నవ్వకుండా ఉండడం కష్టం.

కానీ ఒక శుక్రవారం నవ్వలేకపోయాం. ఫ్యాక్టరీ దగ్గర ఆగిన బండి గంట దాకా కదల్లేదు. తిరుపతి చేరేసరికి వదిన మంచం మీద ఎవరో ముసలాయన ఉన్నాడు. సోమవారం రమ్మన్నారు. ఆదివారానికి ఆమె కాళ్ళు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. సోమవారం ఆమెను ఆస్పత్రి నుంచి తెచ్చి పడుకోబెట్టి మా ఆయన నా దగ్గర కూర్చున్నాడు.

"ఇట్ల కాదు. ఆస్పత్రి ఎనక సందులో ఒక రూము మాట్లాడినా. పక్క రూములో ఇంకొకామె కూడా అట్లే వచ్చి ఉండాది డయాలసిస్ కి. ఒకటో తేదీ నుంచి అక్క ఆడుంటాది."

"ఒక్కతేనా?"

"మరి బండి ఎప్పుడు ఆగుతాదో ఎవురికి తెలుసు? ఆమెను రోడ్డు మీద పోగొట్టుకోమంటావా?"

వదినకు చెప్పినప్పుడు ఆమె కాదనలేదు. రెండు రోజుల తర్వాత, తను కరివేపాకు చెట్టుకు మజ్జిగ ఎట్లా పోస్తుందో నాకు చూపించింది. ఆ చెట్టు ఆమెది, నన్నెన్నడూ ముట్టనిచ్చేది కాదు. నేను దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఏమడగాలో తెలియక, ఇన్నాళ్ళు ఆమెను మా దగ్గర ఉంచినందుకు దండం పెట్టుకుని బయటికొచ్చాను.

మళ్ళీ పాలామే ఒక దారి చెప్పింది. పుత్తూరు రోడ్డులో రేకుల షెడ్డు కింద ఒక పెద్దాయన ఉన్నాడని, ఆటోలకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తాడని, ఆమె అల్లుడి ఆటోను బాగు చేశాడని. ఎప్పటిలాగే నేను తాళంచెవి తీసి ఇచ్చాను, మా ఆయన బండి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"ఆయప్ప ఏమీ విప్పలేదు. నా షెడ్డులో ఆగని దాన్ని ఈడ విప్పి ఏం లాభం, ఆగే కాడికి నేనే వస్తా అన్నాడు. ఎక్కడెక్కడ ఆగింది అని అడిగినాడు. మా ఇంట్లో ఆమె క్యాలెండర్లో రాసి పెట్టుకోనుండాది అంటే, అది తెచ్చి సూపించు అన్నాడు."

బుధవారం ఐదుంబావుకు ఆయన మా వాకిట్లో ఉన్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. క్యాలెండర్‌ను దీపం కిందికి పట్టుకుని, కళ్ళకు బాగా దగ్గరగా తెచ్చుకుని, మూడు నెలలూ వేలితో చదివాడు.

"ఎవురమ్మా రాసింది?"

"నేనే."

"బాగా రాసినావు. గేటు, మోరీ, ఫ్యాక్టరీ ముందర గుంతలు. పెద్ద రోడ్డెక్కినాక ఒక్కసారి కూడా లేదే. కుదుపుండే కాడనే ఆగతా ఉండాది."

ఆయన ముందు కూర్చున్నాడు, నేనూ వదినా వెనక. రైలు గేటు దాటేటప్పుడు పట్టాల మీద బండి ఎగిరి పడింది, ఏమీ కాలేదు. కాలువ మోరీ దాటాక గతుకుల్లో చటుక్కున ఆగిపోయింది. మా ఆయన బానెట్ తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండప్పా. ముందర ఈ మీటరు కాడ దీపాలు సూడు. అన్నీ ఒకేసారి ఆరిపోయినాయి. పెట్రోలు అందకపోతే దీపాలెందుకు ఆరతాయి?"

అప్పుడాయన చూపు తాళంచెవి మీద పడింది. దాని గురించి నేను చెప్పాలి. బండి కొన్న కొత్తలో కాణిపాకం తీసుకెళ్ళి, తాళంచెవి స్వామి ముందు పెట్టించి, వినాయకుడి డాలరు ఒకటి దానికి తగిలించాను. వదిన మొదటి నెల గండం లేకుండా గడిచినప్పుడు తిరుచానూరు పోయి అమ్మవారి డాలరు తెచ్చాను. ఆమెకు జ్వరం తగ్గినప్పుడు కాళహస్తిది. ఇట్లా ఏ మేలు జరిగినా, ఏ గుడికి పోయినా, ఒకటి తెచ్చి ఆ గుత్తికే చేర్చాను. అన్నీ ఇత్తడివే. ఒక చిన్న గంట కూడా ఉంది. వాటితోపాటు ఇంటి తాళం, బీరువా తాళం, బోరు దగ్గర మోటారు గదిది. మా ఆయన ఎన్నోసార్లు "ఇది తాళంచెవా, ధ్వజస్తంభమా" అన్నాడు గాని, నా మనసు తెలిసి ఊరుకున్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అమ్మా, దేవుళ్ళుండారు. నేను ముట్టుకోవచ్చునా? చేతులు కడుక్కుంటా, కొంచెం నీళ్ళుంటే ఇయ్యండి."

నీళ్ళ సీసా వదిన దగ్గరుంది. డయాలసిస్ వాళ్ళకు తాగే నీళ్ళు కొలత ప్రకారమే. ఆమె సీసా అందిస్తూ, "తాగేదానికే నాకు లెక్క అబ్బా. కడుక్కునేదానికి ఎన్నైనా పోసుకో" అంది.

ఆయన దిగి శుభ్రంగా చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. గుత్తి కింద అరచెయ్యి పట్టి, బరువు తన చేతి మీద ఉంచుకుని, స్టార్ట్ చేయమన్నాడు. అయింది. వెనక్కి పోయి అదే గతుకుల మీద మళ్ళీ రమ్మన్నాడు. ఆగలేదు. ఇంకొకసారి. ఆగలేదు. మూడోసారి మధ్యలో చెయ్యి తీసేశాడు. గుత్తి గంట మోగుతూ ఊగింది, బండి చచ్చినట్టు ఆగిపోయింది.

"ఇంత బరువు ఏలాడతా ఉంటే స్విచ్చి లోపల అరిగిపోయింది. కుదుపుకు గుత్తి ఊగితే లోపల కరెంటు తెగతా ఉండాది. సరేగాని, మొన్న నా షెడ్డుకు తెచ్చినప్పుడు ఒట్టి చెవి కదా ఇచ్చినారు? ఈ గుత్తి యాడ పెట్టినారు?"

మా ఆయన నన్ను చూశాడు. బండి షెడ్డుకు పోయే ప్రతిసారీ, దేవుళ్ళ డాలర్లకు ఆయిలు చేతులు తగలకూడదని, పిన్నీసుతో ఉంగరం విప్పి తాళంచెవి ఒక్కటే తీసి ఇచ్చేదాన్ని. గుత్తిని దేవుడి గూట్లో పెట్టేదాన్ని. బండి ఇంటికి రాగానే పసుపు నీళ్ళు చల్లి మళ్ళీ తగిలించేదాన్ని. ముగ్గురు మెకానిక్కుల దగ్గరికీ ఒట్టి చెవే పోయింది. ఆ మాటే చెప్పాను.

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమే, రోగాన్ని గూట్లో దాచిపెట్టి, మనిషిని మాత్రం డాక్టరు దగ్గరికి పంపినావా?"

మా ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను కృతజ్ఞతతో చేర్చిన ఒక్కొక్కటీ ఆమెను ఇంటికి దూరం చేయబోయింది. పెద్దాయన అది కనిపెట్టినట్టున్నాడు.

"నీ భక్తిలో తప్పేమీ లేదమ్మా. నాది సూడు, మెడలో ఏసుకోనుండా. మోసేది నేను. పాపం, ఆ స్విచ్చి యాడ మోస్తాది?"

అక్కడే ఉంగరం విప్పి, గుత్తిని నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడుకు ఐదు నిమిషాలుండగా ఆస్పత్రి గేటు ముందు దిగాం. వదిన లోపల ఉన్న నాలుగు గంటల్లో మా ఆయనా, పెద్దాయనా కలిసి తిరుపతిలో కొత్త స్విచ్చి కొని తెచ్చారు. ఆస్పత్రి బయట వేపచెట్టు నీడలో ఆయన దాన్ని బిగించాడు. నేను టీ, ఇడ్లీ తెచ్చిస్తే కళ్ళు మూసుకుని తన ప్రార్థన చేసుకుని తిన్నాడు.

అది బిగించాక మా ఆయన పక్కకు పోయి ఫోను చేశాడు. "ఆ రూము ఇంకెవురికన్నా ఇచ్చేయండి. మా అక్క రాదు" అన్న మాట నాకు వినిపించింది. వదిన బయటికి వచ్చాక ఆ సంగతి ఆమెకు చెప్పింది నేనే. ఆమె నా భుజం మీద బరువు వేసి నడుస్తూ, "అయితే కరివేపాకు చెట్టు జోలికి రావద్దు" అంది.

ఏడాదిన్నర అయింది. బండి ఆగలేదు. డాలర్లు ఇప్పుడు దారానికి గుచ్చి దేవుడి గదిలో ఉన్నాయి. తాళంచెవికి ఏమీ లేదు. మేలు జరిగినప్పుడు నేను ఇప్పటికీ గుడికి పోతాను, ఒట్టి చేతులతో వస్తాను. వదిన మా వరండాలోనే పడుకుంటుంది.

పెద్దాయన ఇప్పుడు షెడ్డులో లేడు. క్యాలెండర్‌ను అంత దగ్గరగా ఎందుకు పట్టుకున్నాడో మాకు తర్వాత తెలిసింది. రెండు కళ్ళలోనూ చూపు తగ్గిపోతోందట, చిత్తూరులో కూతురి దగ్గరికి పోయాడు. మొన్న మేము చూడడానికి వెళ్తే, కుడి కంటికి ఆపరేషను చెప్పారని, కొంచెం భయంగా ఉందని వదినతో అన్నాడు. మా వదినను మా ఇంట్లోనే ఉంచిన కళ్ళవి. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, దీపం పెట్టినా, మోకాళ్ళ మీద కూర్చున్నా, నమాజు చేసినా, ఆ పెద్దాయనను ఒక్కసారి మనసులో తలుచుకోండి.