మేస్టారు చింపని చీటీ

మా సైన్సు మేస్టారు పోయారని కార్డు వచ్చింది. గుమ్మం బయటే నిలబడి పైకే చదివాను. రెండేళ్లుగా ఉబ్బసంతో గోడకానుకుని కూర్చునే నిద్రపోయిన మనిషి, మొన్న హాయిగా పడుకుని నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపుకంటే ముందు నా నోట "హమ్మయ్య" అని వచ్చింది. తప్పయితే మీరే క్షమించాలి.

లోపలి నుంచి అమ్మ కేకేసింది. "ఒసే, సావు కార్డు గుమ్మం దాటించకు. సింపేసి కాళ్లు కడుక్కో."

శృంగవరపుకోట దగ్గర మా ఊరి బడిలో చదివినవాళ్లెవరూ ఆయన పురుగుల పెట్టెను మరిచిపోరు. ఏ ఇంట పెళ్లయినా ఆయనకు రెండు శుభలేఖలివ్వాలి. ఒకటి పెళ్లికి, రెండోది పురుగులకు. పసుపు రాసిన మూలను ముక్కోణంగా కత్తిరించి, సూదికి గుచ్చి, కొసన జిగురు చుక్కతో నువ్వుగింజంత పురుగును నిలబెట్టేవారు. దాని కింద చీటీ మీద కుటుంబం, ప్రజాతి, దొరికిన చోటు రాసేవారు. ఆకుల రసం పీల్చే నల్లుల కుటుంబమంటే ఆయనకు మహా ఇష్టం. "ఇంటిపేరు తెలిస్తే సరిపోదమ్మా, మనిషెవరో తెలియాలి" అనేవారు.

మూడేళ్ల కిందట ఆ మాట ఆయనే మరిచారు. మా అయ్య కొత్త రకం వరి వేస్తే, దుబ్బుల రసం పీల్చే సుడిదోమ పట్టింది. ఆ పంట పోతే ఆ ఏడు మాకు తిండిగింజల్లేవు. దుబ్బుల్లో దోమతోపాటు నల్లతల పచ్చపురుగులు కనిపించాయి. మేస్టారు చూసి, ఇది ఆ నల్లుల కుటుంబమే, ఇదీ రసం పీల్చేదేనని చీటీ రాసేశారు. "రెండూ దొంగలే. మందు పొడి చల్లించండి నాయుడుగారూ" అన్నారు.

మర్నాడు అయ్య మొదటి మడి చల్లడం పూర్తి చేశాడో లేదో, గట్టు మీద సైకిలు పడేసి మేస్టారు పరుగెత్తుకొచ్చారు. కంగారులో ఆయనకీ మా యాసే వచ్చేది.

"ఆపండి! తప్పు సెప్పేను! ఇప్పుడే భూతద్దం పెట్టి సూసేను. పచ్చపురుగు ముక్కు ఆకులో లేదు, దోమ గుడ్డులో ఉన్నాది. దీని ప్రజాతి వేరండీ, సిర్టోరైనస్. అది మీ పొలానికి కాపలా!"

"రసం పీల్చే నల్లుల కుటుంబమే అన్నారు గదా?"

"కుటుంబం ఒకటే. తిండి వేరు."

అయ్య వీపు మీది మందు మిషను దించేశాడు. "ఒక్క కడుపున పుట్టినోల్లందరూ ఒక్కలాగుంతారేటి మేస్టారూ! నన్ను సూడండి, నా తమ్ముడ్ని సూడండి."

పొడికి కాపలా పురుగులు చచ్చిన మడిని తరవాత దోమే తినేసింది. మిగతావన్నీ నిలిచాయి. నూర్పిడినాడు మేస్టారు గుప్పెడు ధాన్యం పట్టుకుని, "ఇక నాకు నిద్ర పడతాది" అన్నారు. ఆ దిగులు మోసుకుని వెళ్లలేదు ఆయన. నాకదే పెద్ద ఊరట.

ఆ సాయంత్రం పెట్టెలోంచి తప్పు చీటీ నేను తీసేయబోతే చెయ్యి పట్టుకున్నారు. "మా పనిలో పాత చీటీ చింపరమ్మా. సరైనది దాని కింద గుచ్చుతారు. వెనకొచ్చేవాడికి నా తప్పు కనబడాలి." పోయిన నెల ఆ పెట్టెను నాకే పంపేశారు. పురుగులను ఇంట్లో పెట్టనివ్వనని అమ్మ పట్టుబడితే, అరుగు మీదే ఉంచాను.

"సింపేవా?" అమ్మ మళ్లీ కేకేసింది.

కాళ్లు కడుక్కున్నాను. కార్డు గుమ్మం దాటించలేదు, చింపనూ లేదు. అరుగు మీది పెట్టె తెరిచాను. పసుపు మూల మీద పచ్చపురుగు, దాని కింద రెండు చీటీలు. వాటి కింద కార్డు పెట్టి మూత వేశాను.