భాయ్ ఆఖరి ఓవర్

మా క్యాంపులో శుక్రవారం పొద్దున తేలని విషయాలు రెండే ఉండేవి. బాత్రూముల్లో వేడినీళ్లు ఎప్పుడొస్తాయన్నది ఒకటి. మేస్త్రీ గొప్ప బౌలరా, భాయ్ గొప్ప బౌలరా అన్నది రెండోది. మొదటిదానికి క్యాంప్ బాస్ దగ్గర కూడా జవాబు లేదు. రెండోదానికి జవాబు లేనివాడు క్యాంపులోనే లేడు. చాయ్ చల్లారిపోయేదాకా కొట్లాడుకునేవాళ్లం.

ఖతర్‌లోని బిర్కత్ అల్ అవామిర్‌లో మా లేబర్ క్యాంపు వెనక, ట్రైలర్లు నిలిపే జాగా పక్కన, ఎప్పుడో రోలర్ తిప్పి వదిలేసిన గట్టినేల ఉంది. అదే మా గ్రౌండు. వికెట్లంటే ఇనుప పలకకు వెల్డింగ్ చేసిన మూడు చువ్వలు. వాటికి బంతి తగిలితే మెస్ దాకా వినిపిస్తుంది. టెన్నిస్ బంతికి నల్లటేపు చుట్టేది నేనే, కంపెనీలో స్టోర్ కీపర్ని కాబట్టి. వికెట్ల వెనక కీపింగ్ చేసేదీ నేనే.

మేస్త్రీ మా జగిత్యాల వైపు మనిషి, సైట్లో స్టీల్ కట్టే గ్యాంగుకు పెద్ద. ట్రైలర్ల దగ్గర్నుంచి పరుగు మొదలుపెట్టి, రొప్పుతూ వచ్చి విసిరేవాడు. నేను వచ్చిన కొత్తలో ఆయన బంతి పట్టడానికి సైటు గ్లోవ్స్ ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నా అరిచేతులు మండిపోయేవి. భాయ్ మా క్యాంపు బస్సు డ్రైవర్, నిజామాబాద్ టౌన్ ఆయనది. పరుగూ గిరుగూ ఏమీ లేదు. బస్సు రివర్స్ చేస్తున్నంత తాపీగా నాలుగడుగులు వేసి, బంతిని గాల్లోకి వదిలేవాడు. అది నేల తాకాక లోపలికి తిరిగి, బ్యాట్స్‌మన్‌ను వెర్రిబాగులవాణ్ణి చేసి, చువ్వల్ని తాకేది. ఒకరి బంతికి భయపడేవాళ్లం, ఇంకొకరి బంతికి సిగ్గుపడేవాళ్లం. నన్నడిగితే ఆ రోజు ఎవరు చాయ్ పోయిస్తే వాళ్లే గొప్ప అనేవాణ్ణి.

ఇద్దరికీ వయసైపోతోందని అందరికంటే ముందు నా చేతులకే తెలిసింది. మేస్త్రీ పరుగు అంతే ఉంది, రొప్పు ఇంకాస్త పెరిగింది, బంతి మాత్రం మెత్తగా వచ్చి ఒళ్లో పడుతోంది. భుజం పైకి లేవడం లేదని ఆయన ఎవరికీ చెప్పలేదు. భాయ్ వేళ్లు స్టీరింగ్ పట్టీ పట్టీ బిగుసుకుపోయాయి. బంతి అదే తీరులో గాల్లోకి లేస్తుంది, అదే చోట పడుతుంది, కానీ తిరగదు. నేరుగా వచ్చేస్తుంది. వెనక కూర్చుని నేను అన్నీ చూస్తున్నాను. చెప్పి ఏం లాభం? భుజాన్నీ వేళ్లనూ స్టోర్ నుంచి ఇష్యూ చేయలేను కదా.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఫైనల్ ఎగ్జిట్ పడి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోయేవాడికి చివరి శుక్రవారం ఆఖరి ఓవర్ ఇస్తాం. వాడు ఎన్నడూ బంతి ముట్టుకోని వంటవాడైనా సరే. ఆ ఓవర్లో బ్యాట్స్‌మన్ గట్టిగా కొట్టడు. ఆరో బంతికి పక్కకు జరిగి చువ్వల్ని వదిలేస్తాడు. ఠంగుమని మోగుతుంది, అందరం ఈలలు వేస్తాం, పోయేవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటాం. ఊళ్లో వాళ్లకు గల్ఫంతా దుబాయే కాబట్టి వీడు దుబాయ్ నుంచి వచ్చాడు, అంతే. ఖతర్‌లో ఆఖరి బంతికి వికెట్ తీశాడని మాకు మాత్రమే తెలుసు.

పోయిన చలికాలంలో, ఇద్దర్లో ముందుగా మేస్త్రీకి ఎగ్జిట్ పడింది. ఆ శుక్రవారం ఆయన కుర్రవాళ్లందరినీ తప్పించి, బ్యాటు తీసుకెళ్లి భాయ్ చేతిలో పెట్టాడు.

"నువ్వే ఆడాలె. నాకు బిచ్చం వికెట్ ఇస్తే నీతోని మాట బంద్."

"అరె యార్, నేనెందుకిస్త నీకు?" అన్నాడు భాయ్.

నిజంగానే ఇవ్వలేదు. మేస్త్రీ ప్రాణం పెట్టి వేశాడు. భాయ్ ప్రతి బంతినీ బాదాడు. ఆరో బంతి ట్రైలర్ల మీదుగా పోయింది. క్యాంపంతా భాయ్‌ని తిట్టింది, దిల్ లేనోడంది. మేస్త్రీ మాత్రం పిచ్ మధ్యలోకి వచ్చి భాయ్‌ని పట్టుకుని నవ్వుతూ ఏడ్చాడు. నాకు కళ్లు మసకబారి, బంతి వెతకడానికి ట్రైలర్ల వెనక్కి పోయాను.

తర్వాత కొన్నాళ్లకే భాయ్ వంతు వచ్చింది. సంగతి చెప్పడానికి స్టోర్‌కు వచ్చి, సిమెంటు బస్తాల మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ ఉంటె ఆయనే ఆడేటోడు తమ్మి. ఇప్పుడు ఆయన లేడు. ఇన్నేండ్లు నా బాల్ ఎనక నుంచి చూసినోడివి నువ్వే. నువ్వు ఆడు. రహం చెయ్యకు."

"చెయ్యను భాయ్."

"కసమ్?"

"కసమ్."

ఆయనకు కావలసిందల్లా అది ఒక్కటే. గెలిచినా ఓడినా, తనను ముసలివాడని వదిలేయకుండా ఒకడు ఎదురు నిలబడి ఆడాలి.

ఆడాను. మొదటి బంతిని ఎత్తి కొట్టాను. "సిగ్గు లేదారా నీకు?" అని చుట్టూ అరుపులు. రెండోదీ బాదాను. భాయ్ ముఖం వెలిగిపోయింది. "యల్లా, కొట్టు!" అని ఆయనే అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏం అర్థమవుతుంది? అన్నీ నేరుగా వచ్చే బంతులే, కళ్లు మూసుకుని ఆడొచ్చు. ఆరో బంతి కూడా అలాగే లేచింది, అలాగే దిగింది. కాలు ముందుకు వేసి, నేరుగా వచ్చే దారిలో బ్యాటు పెట్టాను.

అది తిరిగింది.

నా కొత్తలో తిరిగినట్టు తిరిగింది. బ్యాటుకూ కాలికీ మధ్య నుంచి లోపలికి దూరి చువ్వల్ని తాకింది. ఆ ఠంగుమన్న చప్పుడు మెస్ దాకా వినిపించి ఉంటుంది. నేను ఔటయ్యాను, నిజంగా ఔటయ్యాను. ఇంత సంతోషంగా నేనెన్నడూ ఔటవలేదు.

భాయ్ రెండు చేతులూ పైకెత్తబోయాడు. అప్పుడే ఈలలు మొదలయ్యాయి. "శభాష్ స్టోర్ కీపర్, మంచిగ యాక్టింగ్ చేసినవ్!" అని ఒకడు వచ్చి నా వీపు చరిచాడు. ఇంకొకడు నన్ను చూసి కన్నుకొట్టాడు. భాయ్ అది చూశాడు. ఎత్తబోయిన చేతులు దించుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"భాయ్, అది తిరిగింది. నిజంగనే తిరిగింది. నేను వదల్లే!" అంటూ ఆయన దగ్గరికి ఉరికాను.

"చాల్ తమ్మి. ఇంత చేసినవ్, అదే చాల్."

"మా అమ్మ మీద ఒట్టు భాయ్."

"అమ్మ మీద ఒట్టు పెట్టకు," అని నా చెంప తట్టాడు. అంతలోనే నలుగురు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎత్తుకుంటే ఎవరైనా నవ్వాలి కాబట్టి నవ్వాడు.

ఆయన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది ఆయన ఇన్నేళ్లు నడిపిన బస్సే. భాయ్ కొత్త డ్రైవర్ వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని అదే మాట చెబుతూనే ఉన్నాను. చెప్పేకొద్దీ అబద్ధంలా వినిపిస్తోందని నాకే తెలుస్తోంది. మొదటి నుంచీ బాదినవాణ్ణి చివరికి ఎందుకు వదులుతాను? కానీ మా దగ్గర అందరూ చివరికే వదులుతారు.

మేస్త్రీకి ఫోన్ చేశాను. పొలం గట్టు మీద ఉన్నట్టున్నాడు, మోటారు చప్పుడు వినిపిస్తోంది. మొత్తం విని, "తిరిగిందా?" అన్నాడు.

"తిరిగింది మేస్త్రీ. మీరన్నా ఆయనకు చెప్పండి."

"నేను నమ్ముత. గని నేను చెప్తే ఆయన నమ్ముతడా? నువ్వే చెప్పిపిచ్చినవ్ అంటడు." మోటారు ఆపేశాడు. "నేనే ఉండి ఆడితే ఆయన నమ్ముతుండె గదరా," అన్నాడు.

నిన్న భాయ్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. డ్యూటీలో, స్టోర్ ర్యాకుల మధ్య నిలబడి విన్నాను. ఇంట్లో అందరూ బాగున్నారట. వేళ్లకు ఏదో నూనె రాస్తున్నారట. కొత్త డ్రైవర్‌కు క్లచ్ మెల్లగా వదలమని చెప్పమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్క మాట తమ్మి. ఆ ఆఖరి బాల్ చేతిల నుంచి పోయినప్పుడు, తిరుగుతదనే అనిపించింది నాకు గూడ. కానీ నువ్వు మంచోడివి. నాకు తెల్వదా?"