ఆంటీ చెప్పని ముగింపు

మా లైబ్రరీ ఆంటీ పోయారు. మంగళవారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా వాళ్ళాయన మెసేజ్ పెట్టారు. నా వంతు రాగానే స్టేటస్ కూడా చెప్పాను. కంట్లో చుక్క నీరు రాలేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మీరు ఆవిడని చూసి ఉండరు. పిస్కాటవేలో మా వీధి చివరి ఇల్లు. స్కూల్ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాక, శనివారాలు మన పిల్లల్ని గరాజ్‌లో చాప మీద కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. రాముడూ కృష్ణుడూ మీ ఇళ్ళల్లో ఎలాగూ ఉన్నారంటూ ఉత్తరదేశాల దేవుళ్ళని పట్టుకున్నారు. జ్ఞానం కోసం కన్ను పీకి బావిలో వేసిన ఓడిన్, గుర్రం మీంచి జారి నేలకి తగలగానే మూడొందల ఏళ్ళ ముసలివాడైపోయిన ఐర్లాండ్ వీరుడు. "ఇండియా ఫ్లైట్ దిగితే నా పనీ అంతేనే" అనేవారు నాతో. చాలా కథలు చావుతోనే ముగిసేవి. ముగియగానే ఆరెంజ్ ఒలిచి పిల్లలకి తలా ఒక తొన పెట్టేవారు, నోరు తీపి చేసుకోమని.

బాల్డర్ కథ సగంలో మా ఆరేళ్ళ పాప వెక్కివెక్కి ఏడ్చింది. అందరికీ ఇష్టమైన ఆ దేవుడు చనిపోతాడు. లోకంలో ప్రతిదీ, రాయీ రప్పా సహా, అతని కోసం ఏడిస్తే తిరిగి పంపిస్తానంటుంది మృత్యులోకపు రాణి. ఒకే ఒక్క ముసలిది ఏడవనంటుంది. అతను రాడు. పాప ఏడుపు చూసి, మిగతాది వచ్చే వారం అని ఆంటీ ఆ దేవుడి చావు దగ్గరే ఆపేశారు.

మిగతా కథ నెట్‌లో చదివి, మర్నాడే నేను ఆంటీ దగ్గరికి వెళ్ళాను. "ఎండింగ్ మార్చెయ్యండి ఆంటీ, ప్లీజ్. చిన్నపిల్లల ముందు ఈ చావు మాటలేంటి?"

"దేవుడైనా పోతాడని ఇప్పుడే తెలిస్తే, రేపు నేను పోయినప్పుడు తట్టుకుంటారే."

అప్పటికే ఆవిడ డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారని నాకు తెలీదు. పట్టుబట్టాను. పై శనివారం కథలో అందరూ ఏడ్చారు, బాల్డర్ ఇంటికొచ్చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఒక్కరోజే ఆంటీ ఆరెంజ్ ఒలవలేదు.

అంత్యక్రియలు అయి ఇంటికొచ్చాక పాప కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఆంటీ ఇంటి ముందు, మొక్కలకి నీళ్ళు పోసే క్యాన్‌తో పూలమడి చుట్టూ ఉన్న రాళ్ళని ఒక్కొక్కటే తడుపుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"రాక్స్‌ని క్రై చేయిస్తున్నా మమ్మీ. అంకుల్ క్రై చేశాడు, నేను చేశాను. నువ్వే చెయ్యలేదు. అందరూ చేస్తే ఆంటీ కమ్ బ్యాక్ అవుతుంది కదా."

మడి పక్కనే కూలబడ్డాను. అసలు ముగింపు చెప్పాను. దాన్ని మార్పించింది నేనేననీ, ఆంటీ వద్దన్నారనీ చెప్పాను. పాప వింటూనే ఇంకో రాయిని తడిపింది. మొదట తడిపిన రాళ్ళు అప్పటికే ఎండకి ఆరిపోతున్నాయి. ఆవిడకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదని గుర్తొచ్చి, అప్పుడు ఏడ్చాను.

నా కళ్ళలో నీళ్ళు చూడగానే పాప గబుక్కున లేచి, ఆంటీ గరాజ్ తలుపు వైపు తిరిగి నిలబడింది. ఎంత పిలిచినా కదల్లేదు.