నా వంతు నీళ్లు

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడే మా ఇల్లు పోయింది. కూలిపోలేదు, ఎవరూ గుంజుకోలేదు. అసలు అది మాది కానే కాదు. పాతబస్తీలో ఒక జాగీర్దారుగారి భవంతి, దేవిడీ అనేవాళ్లు, దాని వెనక, పనిచేసేవాళ్ల కోసం కట్టిన వరుస ఇళ్లలో రెండు గదులు. మా ఆయన ఆ దేవిడీ దఫ్తరులో గుమాస్తా. జాగీరు ఊళ్ల కాగితాలన్నీ ఉర్దూలో రాయడం, చదివి వినిపించడం, భద్రపరచడం ఆయన పని. పోలీసు యాక్షన్ అయిన కొన్ని నెలలకు జాగీర్దారు కుటుంబం హైదరాబాదు విడిచి వెళ్లిపోయింది. దఫ్తరుకు తాళం పడింది. మమ్మల్ని గదులు ఖాళీ చేయమన్నారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

"పది పదిహేను రోజుల మాట. మళ్లా తెరుస్తరు. అందాక పెద్దమ్మ దగ్గర ఉందాం" అన్నాడు మా ఆయన.

పెద్దమ్మ అంటే మా అత్తగారి అక్క. అత్తగారు నా పెళ్లికి ముందే పోయింది. పెద్దత్త రాయదుర్గంలో ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఆ పేరు చెబితే అద్దాల మేడలూ మెట్రో రైలూ గుర్తొస్తాయి గాని, అప్పుడది బండల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. చిటికెన వేలితో నూకితే దొర్లేటట్టు కనిపించే బండలు, ఒకదాని మీద ఒకటి, ఎన్ని తరాల నుంచో అట్లాగే కదలకుండా ఉండేవి.

మా సామానంతా ఒక్క ఎడ్లబండిలో పట్టింది. అందులో నా పెళ్లికి మా నాన్న చేయించిన నిలువుటద్దం బీరువా కూడా ఉంది. గోల్కొండ దాటి, షేక్‌పేట దాటి ఊరు చేరేసరికి పొద్దు వాలింది. పెద్దత్త ఇంటి తలుపులోంచి ఆ బీరువా పట్టలేదు. అడ్డం తిప్పారు, పడుకోబెట్టారు, ఏం చేసినా పోలేదు. చివరికి మేకల కొట్టంలో పెట్టారు. మర్నాడు పొద్దున మేకపోతు అద్దంలో తనను చూసుకుని కొమ్ములతో ఒక్కటిచ్చింది. అద్దం నిలువునా పగిలింది. నేను దాని ముందు కూర్చుని ఏడుస్తుంటే పెద్దత్త వచ్చి చూసింది.

"మేకకు తాకలేదు గద?" అని మాత్రం అడిగి, గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టింది.

ఆ ఒక్క మాటకు నేను ఆమెను చాలా రోజులు క్షమించలేదు.

పెద్దత్తకు అరవై దాటి ఉంటాయి. ఒంటి మీద ఒక చీర, తీగ మీద ఒక చీర. మేకలు, ఇంత జొన్నచేను, రెండు మట్టి కుండలు. నాలుగు మెతుకులు మిగిలితే గడప ముందుకొచ్చిన కుక్కకు వేసేది, మిగలకపోతే దాన్ని "రేపు రా" అనేది. అట్లాగని సాధువేమీ కాదు. ముక్కుపొడి లేకపోతే పూట గడవదు. మేకలను ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

మా ఆయన మాత్రం రోజూ పొద్దున స్నానం చేసి, షేర్వానీ తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఏ క్షణాన కబురొస్తే ఆ క్షణాన బయల్దేరాలి కదా! వారానికొకసారి షేక్‌పేట మీదుగా నడిచి పాతబస్తీకి పోయి, దేవిడీ తలుపు చూసి వచ్చేవాడు. "ఇంకో పదిహేను రోజులట" అనేవాడు. ఎవరు చెప్పారని అడిగితే చిరాకు పడేవాడు.

నేనేం తక్కువ తినలేదు. ఊరి బావి దగ్గర ఆడవాళ్లు బొక్కెనలు తోడుతుంటే పక్కన నిలబడి, మా గదుల్లో నల్లా ఉండేదనీ, తిప్పితే నీళ్లు వచ్చేవనీ చెప్పేదాన్ని. ఒకసారి చెబితే చాలు. నేను ప్రతిరోజూ చెప్పాను. వాళ్లు నాకు నల్లా దొరసాని అని పేరు పెట్టారు. ఆ పేరు నా చెవిన పడినప్పుడు, తప్పంతా మా ఆయనదే అనిపించింది. ముందే ఇంకో కొలువు చూసుకుని ఉంటే నాకీ గతి పట్టేదా? ఆయనను అడిగితే, తప్పు కాలానిది అనేవాడు. రోజూ ఇదే ముచ్చట. పెద్దత్త వింటూ రొట్టెలు చేసేది.

ఎండలు ముదిరాక బావి అడుగంటింది. ఊరి బయట వాగు ఇసుకలో చెలిమె తోడారు. చెలిమె అంటే మనిషి కూర్చుంటే నడుము దాకా వచ్చే గుంట. అడుగున నీరు ఊరుతుంది, చిప్పతో ముంచుకోవాలి. ఒక ఇల్లు నింపుకున్నాక మళ్లీ ఊరే దాకా తర్వాతి ఇల్లు ఆగాలి. అందుకని ఇంటింటికీ వంతులు పెట్టుకున్నారు. మా ఇంటికి రోజుకు రెండు వంతులు వచ్చాయి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దుటిది పెద్దత్త తన వంతు అంది, సాయంత్రంది నా వంతు. నాకు సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వచ్చేది. మొదట్లో నిజంగానే వచ్చింది, తర్వాత తర్వాత వచ్చిందన్నాను. పెద్దత్త బిందె తీసుకుని రెండోసారి పోయేది.

ఒకనాడు సాయంత్రం నేనూ మా ఆయనా మాటా మాటా అనుకున్నాం. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పెద్దత్త వచ్చి, "పిల్లా, నీ వంతు" అంది. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. ఆమె నా ఇత్తడి బిందె తీసుకుని పోయింది. గడప దాటుతుంటే ఆ బిందె తలుపుకు తగిలిన చప్పుడు విన్నాను. లేవలేదు.

కొంతసేపటికి ఇద్దరు ఆడవాళ్లు ఆమెను నడిపించుకుంటూ తెచ్చారు. వాగులోకి దిగేచోట బండ మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు వంకర తిరిగి, అప్పటికే వాచింది. ముఖమంతా చెమట.

నేను లేచి మొదట ఆమె దగ్గరికి పోలేదు. ఇది రాయడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గుగానే ఉంది. మా ఆయన మీదికి పోయాను.

"మీ వల్లనే! ఈ బండలల్లకు తెచ్చింది మీరే గద?"

"నేనేం చేద్దును? కాలం తిరగబడ్డది!" అని ఆయన కూడా అరిచాడు.

పెద్దత్త గోడకు ఆనుకుని కూర్చుంది. విరిగిన చేతిని ఎడమ చేత్తో ఒడిలో పెట్టుకుంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దరు ఆ తప్పు పంచుకునుడు అయినంక, ఎవలన్న ఇన్ని నీళ్లు తేరాదుండ్రి. నాకు దూప అయితుంది" అంది.

ఇంట్లో చుక్క నీళ్లు లేవు. బిందె వాగు దగ్గరే ఉండిపోయింది.

మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా, కట్టు కట్టేవాడిని పిలవడానికి పరుగెత్తాడు. నేను వాగుకు పోయాను. దారిలో నాకు ఏ జ్ఞానమూ కలగలేదు. కాళ్లు కాలుతున్నాయనీ, అందరూ నన్నే చూస్తున్నారనీ మాత్రం తెలుసు. చెలిమె చుట్టూ నలుగురు ఆడవాళ్లు బిందెలతో కూర్చుని ఉన్నారు. గుంటలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎవరూ ముంచలేదు.

"రా. నీ వంతు అట్లనే ఉన్నది" అంది ఒకామె. నాకు నల్లా దొరసాని అని పేరు పెట్టింది ఆమెనే.

చిప్ప చేతికిచ్చింది. నేను గబగబా ముంచితే అడుగు ఇసుక లేచి నీళ్లు ఎర్రబడ్డాయి.

"జర నిదానం. పైపైన ముంచు. నీళ్లు యాడికి పోతయి?"

చిప్ప చిప్పగా ముంచాను. బిందె నిండడానికి చాలాసేపు పట్టింది. అంతసేపు నా పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. అప్పుడు నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఏమీ అనకపోయేసరికి, నేను గోడవైపు తిరిగి పడుకున్నానన్న సంగతి ఒక్కటే మిగిలింది. దాన్ని పెట్టడానికి ఇంకెవరి నెత్తీ దొరకలేదు. చిప్ప ఇచ్చినామె చుట్టబట్ట చేసి నా తల మీద పెట్టి బిందె ఎత్తింది. ఇల్లు చేరేసరికి సగం నీళ్లు నా వీపు మీదనే పోయాయి. మిగిలిన సగంలోంచి ఒక చెంబెడు పెద్దత్త గటగటా తాగింది.

కట్టు కట్టేవాడు మణికట్టు లాగి సరిచేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నలభై రోజులు కదపొద్దన్నాడు. ఆ నలభై రోజులూ రెండు వంతుల నీళ్లూ నేనే తెచ్చాను. జొన్నరొట్టె తట్టబోతే అరచేయంత అయ్యేసరికే చిరిగిపోయేది. పెద్దత్త కూర్చున్నచోటి నుంచే, "వేడినీళ్లతోని పిసుకు" అనేది. మేకలు నన్ను లెక్కచేసేవి కావు. పదిరోజులకు ఆమె తిట్లు నాకూ వచ్చాయి.

ఒక మధ్యాహ్నం ఆమె తల దువ్వుతూ, ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట బయటపెట్టాను. "అత్తమ్మా, నా వల్లనే నీ చెయ్యి విరిగింది."

"నా కాలు జారితే నీ వల్ల ఎట్లయితది? నువ్వు నూకినవా?"

"నేను పోవాలె గద ఆ దినం."

"అవ్, పోవాలె. పోలే. అది నీది." ఆమె ముక్కుపొడి డబ్బీ కోసం ఎడమ చేత్తో తడుముకుంది. "చూడకుంట అడుగు వేసిన, అది నాది. ఎవలది వాళ్లు ఉంచుకుందం. నాది గూడ నువ్వే ఎత్తుకుంటే నడువలేవు. ఇగ జడ బిగిచ్చి వెయ్యి."

నేను జడ వేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను గాని రాలేదు. ఒళ్లు మాత్రం తేలికైంది, పాత బరువు దించినట్టు కాదు, నాకు తగ్గ బరువు ఏదో తెలిసినట్టు.

ఆ వారం మా ఆయన పట్నం పోయి పొద్దు గుంకకముందే తిరిగొచ్చాడు. దేవిడీ తలుపులు తెరిచి ఉన్నాయట. సంతోషంగా లోపలికి పోతే, దఫ్తరు గదిలో ఎవరో కొత్తవాళ్లు కాపురం ఉంటున్నారు. ఆయన బల్ల ఉండే చోట చంటిపిల్ల ఉయ్యాల కట్టి ఉంది. "నువ్వెవరు" అని ఆయననే అడిగారట. ఇదివరకైతే నేను నాలుగు మాటలు అనేదాన్ని. ఆ రోజు రొట్టె పెట్టి, పక్కన కూర్చున్నాను. ఆయన రెండు తిని, మూడోది అడిగాడు. మర్నాడు షేర్వానీ తొడుక్కోలేదు. చొక్కా మీదనే పెద్దత్త చేనుకు పోయి గట్టు మీద పడిన రాళ్లు ఎత్తిపోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం అరచేతులు నాకు కనబడకుండా తిప్పుకుని తిన్నాడు.

కోకాపేట అవతల ఒక పల్లెలో తెలుగు బడి పెడుతున్నారని, చదువు చెప్పే మనిషి కావాలని కొద్దిరోజులకు తెలిసింది. మా ఆయనకు ఉర్దూ ముత్యాల్లా రాయడం వచ్చు, ఫారసీ వచ్చు. తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు. ఆయన చదివిన బళ్లలో తెలుగు లేదు. నాకు మా నాన్న ఇంట్లోనే నేర్పాడు. రెండు రోజులు ఆయన ఇంటి ముందు అటూ ఇటూ తిరిగాడు. మూడో రోజు పెద్దత్త చేనుకు పోయింది చూసుకుని, "నాకు అక్షరాలు నేర్పుతవా?" అన్నాడు.

ఇంటి వెనక బండ మీద బొగ్గుతో మొదలుపెట్టాం. ఆయన మొట్టమొదటి అక్షరం బండకు కుడి చివర రాసి, రెండోది దానికి ఎడమ పక్కన పెట్టాడు. ఉర్దూ అలవాటు. నేను పడి పడి నవ్వాను. ఆయన ముఖం ఎర్రబడింది, బొగ్గు పారేసి పోతాడనుకున్నాను. పోలేదు. "నవ్వుకో. రేపు పిల్లలు నవ్వేదానికన్న నువ్వు నవ్వుడు నయం" అని, చేత్తో చెరిపి, ఎడమ చివర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. వర్షాలు మొదలయ్యేసరికి ఒత్తులూ దీర్ఘాలూ తప్పులతోనే గాని, రాసేవాడు. బడిలో పెట్టుకున్నారు. జీతం కొంచెమే, నడక చాలా. రోజూ రొట్టె మూట కట్టుకుని పోయేవాడు. పిల్లల కంటే ఒక పాఠం ముందుంటే చాలు అని నవ్వేవాడు.

పెద్దత్త చెయ్యి అతికింది గాని కొంచెం వంకరగానే ఉండిపోయింది. ఆ చేత్తోనే ఆమె ఇంకో పన్నెండేళ్లు రొట్టెలు చేసింది.

వానలు వెనకబట్టాక బండల సందుల్లో సీతాఫలాలు పండాయి. వాటికి యజమాని ఎవరూ లేరు, ఏరుకున్నవాళ్లవి. ఊరి ఆడవాళ్లతో కలిసి నేనూ గంప ఎత్తుకుని పట్నంలో కార్వాన్ బజారు దాకా పోయాను. అక్కడ, నేను నేల మీద గంప పెట్టుకుని కూర్చున్న చోటికే, దేవిడీ వెనక మా పక్క గదిలో ఉండిన గుమాస్తా భార్య వచ్చింది. గుర్తుపట్టి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, నీకేం కర్మ వచ్చింది? మీ ఆయన ఏమైండు?"

"బడిల చెప్తుండు. మేం బాగనే ఉన్నం" అన్నాను. గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. మంచి పండ్లు రెండు ఏరి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాటిని సంచిలో వేసుకుని పోయింది.

సిగ్గుపడలేదని చెప్పను. చెవులు కాలాయి. గంప ఖాళీ అయి తిరిగి వస్తుంటే షేక్‌పేట దాకా ఆమె చూపే కళ్ల ముందు కదలాడింది. ఆ తర్వాత మబ్బు పట్టింది, చల్లగాలి వచ్చింది. ముందు నడుస్తున్న ఆడవాళ్లు ఏదో మాటకు నవ్వుకుంటున్నారు. అదేందో విందామని అడుగులు పెద్దవి చేసి వాళ్లను కలుసుకున్నాను.